మజిల్‌లోడర్‌తో జింక, ఎల్క్ వేట: తూటా, మందు, తుపాకీ ఏ వరుసలో ఎంచుకోవాలి

అమెరికాలో ఉంటూ వేట లైసెన్స్ తీసుకున్న మనవాళ్లు మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి తుపాకీమందు, తూటా దట్టించి కాల్చే తుపాకీ) సీజన్ దగ్గర పడగానే అడిగేది ఒకటే: "ఏ తుపాకీ కొనమంటారు?" అసలు తుపాకీ ఆఖరున తేలాల్సిన విషయం. ముందు రూల్స్, తర్వాత ఏ జంతువు, ఎంత దూరం, ఆపైన తూటా, ఆ తూటాకు నప్పే బ్యారెల్, అప్పుడు మందు. ఈ వరుసలో పోతే మీకు పనికొచ్చే తుపాకులు రెండో మూడో మిగులుతాయి, వాటిలో ఏది కొన్నా ఫర్వాలేదు. అలాకాకుండా సేల్‌లో ఉందని ముందు తుపాకీ కొనేసి, దానికి తగ్గ రూల్స్ కోసం వెతుక్కుంటే మొదటికే మోసం వస్తుంది.

ఇక్కడ రెండు వేటల్ని మాత్రమే తీసుకుంటున్నాను. ఒకటి తూర్పు రాష్ట్రాల అడవుల్లో వైట్‌టెయిల్ జింక, రెండోది కొలరాడో కొండల్లో ఎల్క్, అంటే జింక జాతిలోనే బాగా పెద్ద జంతువు. ఈ రెండూ అర్థమైతే మిగతావి మీరే చూసుకోగలరు. ఇంకో మాట, ఇదంతా అమెరికా సంగతి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, లైసెన్స్ లేని నాటు తుపాకీ మరో నేరం. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ప్రయత్నించే పని కాదు.

## 1. రూల్స్ పుస్తకం ముందు పెట్టుకోండి

ప్రతి రాష్ట్రానికీ వేట నిబంధనల పుస్తకం ఏటా కొత్తది వస్తుంది, ఆన్‌లైన్‌లో ఉచితం. పోయినేడాది పుస్తకం చూసి కొనొద్దు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా ఎంత ఉంటుందో చూడండి.

పెన్సిల్వేనియాలో అక్టోబర్‌లో వచ్చే ఆడ జింకల మజిల్‌లోడర్ సీజన్‌కు కొత్త తరహా ఇన్‌లైన్ తుపాకీ (మందుకు సరిగ్గా వెనక నుంచి నిప్పు అందేది) నడుస్తుంది. అదే రాష్ట్రంలో క్రిస్మస్ తర్వాత మొదలయ్యే సీజన్‌కు చెకుముకి రాయి తుపాకీయే, అంటే ఫ్లింట్‌లాక్ ఉండాలి. స్కోప్ కూడా కుదరదు. ఇన్‌లైన్ కొనుక్కుని జనవరిలో వేటకెళ్దాం అనుకున్నవాడు ఇంట్లో కూర్చోవాల్సిందే.

కొలరాడో మజిల్‌లోడర్ సీజన్ సెప్టెంబర్‌లో. అక్కడ ఎల్క్‌కు కనీసం .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), జింకకు కనీసం .40. బిళ్లల రూపంలో వచ్చే మందు నిషేధం, పొడి మందు మాత్రమే వాడాలి. తూటాకు ప్లాస్టిక్ తొడుగు, అంటే సేబో, నిషేధం. స్కోప్ మామూలుగా నిషేధం. అంటే ఒహాయోలో జనవరి జింకల వేటకు మీ మిత్రుడు వాడే సామాను (రెండు బిళ్లలు, సేబో తూటా, పైన స్కోప్) కొలరాడోలో మొత్తం పనికిరాదు.

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి, మజిల్‌లోడర్‌కూ అంతే. అక్కడుండేవాళ్లు రాగి తూటాలు చూసుకోండి.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. మజిల్‌లోడర్లలో చాలావాటిని ఫెడరల్ చట్టం పాతకాలపు తుపాకుల కింద లెక్కేసి పక్కన పెడుతుంది, అందుకే చాలా రాష్ట్రాల్లో అవి పోస్టులో ఇంటికే వస్తాయి. కానీ రాష్ట్ర చట్టం కూడా అలాగే చూస్తుందన్న గ్యారంటీ లేదు, న్యూజెర్సీ లాంటి చోట్ల లెక్క వేరు. గ్రీన్ కార్డు రానివాళ్లు కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు ఒక మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ ఒక్క విషయంలో స్నేహితుడి మాట చాలదు.

రూల్స్ పుస్తకంలో చూసుకోవాల్సినవి:

- హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలా (దాదాపు అందరికీ కావాలి)
- కనీస క్యాలిబర్, తూటా కనీస బరువు
- ఏ రకం నిప్పు పద్ధతి చెల్లుతుంది: చెకుముకి, క్యాప్, 209 ప్రైమర్ (చివరి రెండూ మందుకు నిప్పు అందించే చిన్న పేలుడు మూతలు)
- పొడి మందా, బిళ్లలా
- సేబో చెల్లుతుందా
- స్కోప్ చెల్లుతుందా
- ఆరెంజ్ రంగు బట్టలు ఎంత ఉండాలి (కొలరాడోలో మజిల్‌లోడర్ వేటగాళ్లకూ 500 చదరపు అంగుళాలు, తలమీద కూడా)
- కారులో ఉన్నప్పుడు "లోడ్ అయి ఉన్నట్టు" దేన్ని లెక్కేస్తారు

## 2. దూరం విషయంలో మీతో మీరు నిజం చెప్పుకోండి

దుకాణంలో ఎవరైనా 200 గజాలు, 250 గజాలు అంటారు. తుపాకీ కొట్టగలదేమో, మీరు కొట్టగలరా అన్నది వేరే ప్రశ్న.

వైట్‌టెయిల్ జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఇంచుమించు 8 నుంచి 10 అంగుళాల వెడల్పు. అంటే మీరు కూర్చుని, చెట్టుకు ఆనుకుని, గుండె దడదడలాడుతుండగా కూడా 6 అంగుళాల పేపర్ ప్లేట్‌లో ప్రతి తూటా పడాలి. ఆ దూరమే మీ దూరం. స్కోప్ లేకుండా చాలామందికి అది 75 గజాల దగ్గర ఆగిపోతుంది, బాగా సాధన చేస్తే 100. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, తూర్పు అడవుల్లో జింకలు కనబడేదే ఎక్కువగా ఆ లోపల.

గుండ్రటి సీసపు గుండు సంగతి ఇంకా కచ్చితంగా ఉంటుంది. .50 తుపాకీలో వాడే 177 గ్రెయిన్ల (ఇది బరువు కొలత, లెక్క కింద ఉంది) గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు 1800 అడుగుల చుట్టుపక్కల పోతుంది, 100 గజాలు చేరేసరికి వెయ్యి అడుగుల దగ్గరికి పడిపోతుంది. గుండ్రంగా ఉన్నది గాలిని చీల్చలేదు. దగ్గర్లో అది జింకను చక్కగా పడగొడుతుంది, దూరం పెరిగేకొద్దీ గాయపరిచి వదిలేస్తుంది. అందుకే గుండుతో జింకకు 75 గజాలు, ఎల్క్‌కు అంతకంటే తక్కువ. ఎల్క్ వేటకు .50 గుండును నేను సిఫారసు చేయను, గుండే కావాలంటే .54 తీసుకోండి.

ఒకవైపు పూర్తిగా పక్కకు తిరిగి నిలబడిన జంతువు, లేదా కొంచెం అవతలికి తిరిగినది, ఈ రెండు భంగిమల్లోనే కాల్చండి. ఎదురుగా నిలబడి చూస్తున్న దాన్ని వదిలేయండి.

## 3. తూటా ఎంపిక

మూడు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

గుడ్డలో చుట్టిన గుండు. .50 బ్యారెల్‌కు .490 గుండు, చుట్టూ .015 అంగుళాల మందం ఉన్న నూలు గుడ్డ. .54కు .530 గుండు, దాని బరువు 225 గ్రెయిన్ల దగ్గర. గుడ్డ నూలుదే అయి ఉండాలి, సింథటిక్ కలిసిన బట్ట కరిగి బ్యారెల్‌కు అంటుకుంటుంది. పాత చొక్కా చింపి వాడేవాళ్లు ముందు దాని లేబుల్ చదవండి.

పొడుగాటి సీసపు తూటా, అంటే కోనికల్. .50లో 320 నుంచి 400 గ్రెయిన్ల దాకా దొరుకుతాయి. బరువు ఎక్కువ, వేగం తక్కువ, లోపలికి బాగా దిగుతుంది. ఎల్క్‌కు, ముఖ్యంగా కొలరాడోలో, ఇదే సరైన దారి. చిక్కేమిటంటే దూరం పెరిగితే బాగా కిందికి వంగుతుంది. 100 గజాలకు సరిచేసుకున్న తుపాకీలో 385 గ్రెయిన్ల తూటా 150 గజాల దగ్గర సుమారు అడుగు కిందికి పడుతుంది. ఎల్క్ 100 గజాల్లో ఉందో 150లో ఉందో కంటితో తేల్చలేరు, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉండి తీరాలి.

సేబో తూటా. .45 సైజు తూటాకు ప్లాస్టిక్ తొడుగు వేసి .50 గొట్టంలో వాడేది. జింకకు 250 గ్రెయిన్లు సరిపోతుంది, 300 అయినా ఫర్వాలేదు. రూల్ ఒప్పుకునే రాష్ట్రాల్లో కొత్తవాళ్లకు ఇదే సులువు.

గ్రెయిన్ అంటే ఏమిటని అడిగేవాళ్ల కోసం: 7000 గ్రెయిన్లు ఒక పౌండు. 100 గ్రెయిన్లు ఆరున్నర గ్రాముల లోపు.

## 4. బ్యారెల్ మెలిక: తూటాను ఒప్పుకునేది ఇదే

బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. తుపాకీ డబ్బా మీద 1:28, 1:48, 1:66 అని రాసి ఉంటుంది. 1:28 అంటే 28 అంగుళాల్లో తూటా ఒక చుట్టు తిరుగుతుందని. కొత్తవాళ్లు కలర్ చూస్తారు, స్కోప్ చూస్తారు, ఈ అంకె చూడరు. చూడాల్సింది ఇదే.

- 1:28 దగ్గర: సేబో, పొడుగాటి తూటాలు. దాదాపు అన్ని ఇన్‌లైన్‌లూ ఇలాగే వస్తాయి. గుడ్డ గుండు వేస్తే తక్కువ మందుతో ఏదో నడుస్తుంది, వేటకు కాదు.
- 1:48: మధ్యరకం. హాకెన్ తరహా తుపాకుల్లో ఎక్కువ. గుండూ పోతుంది, కొన్ని కోనికల్స్ కూడా పోతాయి. ఏది బాగా పోతుందో మీ తుపాకీయే చెప్పాలి.
- 1:60, 1:66: గుడ్డ గుండు కోసమే. ఇందులో పొడుగు తూటా వేస్తే టార్గెట్ మీద పక్కవాటుగా తగిలి, తాళం చెవి దూరే రంధ్రం ఆకారంలో చిరుగుతుంది. అలాంటి రంధ్రం కనబడితే మందు తగ్గించో పెంచో లాభం లేదు, తూటా మార్చాలి.

క్యాలిబర్ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. .50 తీసుకోండి. తూటాలు ప్రతి దుకాణంలో దొరుకుతాయి, చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది.

## 5. నిప్పు పద్ధతి

209 ప్రైమర్ ఉన్న ఇన్‌లైన్ వానకు తట్టుకుంటుంది, వేగంగా అంటుకుంటుంది, వెనక బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివర మరలతో బిగించే మూత) విప్పి ముందు నుంచి వెనక్కి చూడొచ్చు. మొదటి తుపాకీ ఇదైతే మంచిది, రూల్ ఒప్పుకుంటే.

క్యాప్ తుపాకీలో పైన సుత్తి, కింద నిపుల్, దాని మీద 11వ నంబర్ క్యాప్. నిప్పు బ్యారెల్‌లోని మందుకు చేరే దారి మలుపు తిరుగుతుంది కాబట్టి ఆ మలుపులో నూనె, తడి మిగిలితే పేలదు.

ఫ్లింట్‌లాక్‌కు చాలా ఓపిక కావాలి. రాయి అంచు పదునుగా ఉండాలి, ప్యాన్‌లో (రవ్వలు పడే చిన్న గిన్నెలో) మందు తక్కువ ఉండాలి, నిప్పు రవ్వలు పడ్డాక తూటా పోయేదాకా తుపాకీ కదలకూడదు. ఇది కొన్నవాళ్లు వేటకు ముందు వేసవంతా కాల్చి చేయి అలవాటు చేసుకోవాలి, సీజన్‌కు వారం ముందు డబ్బా విప్పితే కుదరదు.

## 6. మందు

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. మామూలు రైఫిల్ కార్ట్రిడ్జ్‌లలో వాడే స్మోక్‌లెస్ మందు మజిల్‌లోడర్‌లో వేయకూడదు. కొంచెం కూడా వద్దు, నల్లమందుతో (బ్లాక్ పౌడర్‌తో) కలిపి కూడా వద్దు. స్మోక్‌లెస్ కోసమే ప్రత్యేకంగా చేసిన కొన్ని తుపాకులు ఉన్నాయి, వాటి సంగతి వేరు. మామూలు తుపాకీలో వేస్తే బ్యారెల్ పగిలి వేళ్లు, కళ్లు పోతాయి. ఇంట్లో రెండు రకాల తుపాకులూ ఉంటే మందు డబ్బాలు వేర్వేరు అరల్లో పెట్టండి. మూత మీద పేరు లేని డబ్బాలో మందు ఉంటే అది ఏదో ఊహించొద్దు, వాడొద్దు.

ఇక పనికొచ్చేవి:

నిజమైన నల్లమందు. 2ఎఫ్ కొంచెం లావు రవ్వ, .50, .54 వేట తుపాకులకు. 3ఎఫ్ సన్నం, చిన్న క్యాలిబర్లకు. అదే డోసుకు ఒత్తిడి ఎక్కువ పుడుతుంది. 4ఎఫ్ ఫ్లింట్‌లాక్ ప్యాన్‌లో వేయడానికే, బ్యారెల్‌లోకి కాదు. ఫ్లింట్‌లాక్‌కు నిజమైన నల్లమందే వాడండి. ప్రత్యామ్నాయ మందులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రవ్వలకు లొంగవు.

పైరోడెక్స్. డోసు నల్లమందు లాగే కొలవొచ్చు. బిళ్లల్లో ఒక చివర నల్లటి పూత ఉంటుంది, అది నిప్పు వైపు, అంటే కిందికి ఉండాలి. తిరగేసి వేస్తే ఆలస్యంగా పేలడమో, పేలకపోవడమో జరుగుతుంది.

ట్రిపుల్ సెవెన్. నీళ్లతో కడిగితే పోతుంది, వాసన లేదు. కానీ నల్లమందు కంటే బలం ఎక్కువ, నల్లమందు డోసుతో సమానం కావాలంటే 15 శాతం తగ్గించి కొలవాలి. 209 ప్రైమర్‌తో వాడితే బ్రీచ్ ప్లగ్ ముందు గట్టి రింగులా మసి పేరుకుంటుంది, రెండో తూటా అక్కడికొచ్చి ఆగిపోతుంది.

బ్లాక్‌హార్న్ 209. మసి బాగా తక్కువ. ఖరీదు ఎక్కువ. 209 ప్రైమర్, దానికి తగిన బ్రీచ్ ప్లగ్ ఉంటేనే పనిచేస్తుంది, క్యాప్ తుపాకీలో వేయొద్దు.

కొలత విషయంలో అయోమయం ఎక్కువ. మజిల్‌లోడర్ మందును ఘనపరిమాణంతో కొలుస్తారు, మనవాళ్లు బియ్యం సోలతో కొలిచినట్టే. "100 గ్రెయిన్లు" అంటే కొలత గొట్టంలో 100 గీత దాకా. అదే బ్లాక్‌హార్న్‌ను తూకం వేస్తే 70 గ్రెయిన్లే తూగుతుంది. తక్కెడ మీద 100 తూచి పోసేస్తే మీరు దాదాపు 143 గీత దాకా పోసినట్టు. ఎలక్ట్రానిక్ తక్కెడ ఉంది కదా అని వాడేవాళ్లు ఈ లెక్క రెండుసార్లు చూసుకోండి.

విమానంలో వేటకెళ్లేవాళ్లకు ఒక మాట. మందు, క్యాప్‌లు, ప్రైమర్లు చేతి సంచిలోనే కాదు, చెకిన్ లగేజీలో కూడా పెట్టకూడదు. డెన్వర్‌లో దిగాక అక్కడే కొనుక్కోవాలి, మీరు వాడే రకం ఆ దుకాణంలో ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

## 7. డోసు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

తుపాకీతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ డోసు ఉంటుంది, మందు డబ్బా మీద కూడా ఉంటుంది. రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. కింద ఇచ్చినవి నల్లమందు కొలతలో, వేట కోసం వెతకడం మొదలుపెట్టాల్సిన చోట్లు:

- .50, 1:66, గుడ్డ గుండు, జింక: 60తో మొదలుపెట్టి 70 నుంచి 90 మధ్య వెతకండి
- .54, గుడ్డ గుండు, జింక లేదా దగ్గర్లో ఎల్క్: 70తో మొదలు, 80 నుంచి 100
- .50, 1:48, 370 గ్రెయిన్ల దగ్గరి కోనికల్: 70తో మొదలు, 80 నుంచి 90
- .50, 1:28 ఇన్‌లైన్, 250 సేబో, జింక: 80తో మొదలు, 100 దగ్గర ఆపండి
- .50, 1:28 ఇన్‌లైన్, పూర్తి సైజు సీసపు కోనికల్, కొలరాడో ఎల్క్: పొడి మందు 80తో మొదలు, 90 నుంచి 100

కొన్ని ఇన్‌లైన్‌ల మీద 150 గ్రెయిన్ల దాకా వేయొచ్చని రాసి ఉంటుంది. వేయొచ్చు. దానివల్ల భుజం నొప్పి, పొగ, మసి పెరుగుతాయి, చాలా తుపాకుల్లో గురి చెడుతుంది. జింకకు ఆ అదనపు 50 గ్రెయిన్లు అక్కర్లేదు.

పద్ధతి ఇలా. 25 గజాల దగ్గర పేపర్ మీద పడేలా చూసుకోండి. తర్వాత 50 గజాలకు వెళ్లి, ఒక డోసుకు మూడు తూటాలు కాల్చండి, ప్రతి తూటా తర్వాత ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ బ్యారెల్‌లో తిప్పండి. 5 గ్రెయిన్లు పెంచండి, మళ్లీ మూడు. పేపర్ మీద తూటా రంధ్రాల గుంపు దగ్గరపడుతూ వచ్చి ఒకచోట మళ్లీ విడిపోవడం మొదలవుతుంది, దానికి ముందున్న డోసు మీది. మందు, తూటా, గుడ్డ, ప్రైమర్ నాలుగిట్లో ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలీదు.

గుడ్డ గుండు కాల్చేవాళ్లు కాల్చిన గుడ్డల్ని ఏరుకోండి, గొట్టం ముందు కొన్ని గజాల్లోనే పడి ఉంటాయి. మధ్యలో బూడిద రంగు గుండ్రటి మచ్చ, చుట్టూ నల్లటి రింగు, అంచులు కొద్దిగా పీచుగా ఉంటే అంతా బాగున్నట్టు. నడిమధ్య కాలి చిల్లు పడితే గుడ్డ పలచన లేదా నూనె చాలలేదు. ఒకే పొడవున కత్తితో కోసినట్టు చీలితే కొత్త బ్యారెల్ గాడుల అంచులు పదునుగా ఉన్నాయి, కొన్ని పదుల తూటాలు కాలిస్తే సర్దుకుంటుంది. టార్గెట్ కంటే ఈ గుడ్డే ఎక్కువ చెబుతుంది.

చివరి పరీక్ష వేరే రోజు చేయండి. శుభ్రంగా ఉన్న, చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక్క తూటా. వేటలో మీకు దొరికేది అదే. మూడు తూటాల గుంపు అందంగా ఉండి, మొదటిది మాత్రం నాలుగంగుళాలు పక్కకు పోతుంటే, వేటకు ముందు ఒక ప్రైమర్ కాల్చి వెళ్లాలా లేక సైట్లను మొదటి తూటాకే సరిచేయాలా అన్నది అప్పుడు తేల్చుకోవాలి.

## 8. దట్టించే వరుస

కళ్లద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకోండి. దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు.

1. ర్యామ్‌రాడ్ (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) లోపల పెట్టి చూడండి. ఖాళీ బ్యారెల్‌కు ఒక గీత, లోడ్ చేసినప్పుడు ఇంకో గీత ర్యామ్‌రాడ్ మీద ముందే గీసి పెట్టుకోవాలి. గీత ఎక్కడుందో చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది.
2. ఖాళీ అని తేలాక గొట్టం చివర నేలమీద ఒక ఎండుటాకు దగ్గర పెట్టి ఒక క్యాప్ లేదా ప్రైమర్ కాల్చండి. ఆకు కదిలితే దారి తెరుచుకున్నట్టే. కదలకపోతే నూనె అడ్డం ఉంది, శుభ్రం చేసి మళ్లీ.
3. మందును డబ్బాలోంచో కొమ్ములోంచో నేరుగా బ్యారెల్‌లో పోయొద్దు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో డబ్బా మొత్తం పేలుతుంది. ముందు కొలత గొట్టంలోకి, అక్కడ్నుంచి బ్యారెల్‌లోకి. డబ్బా మూత పెట్టేసి దూరంగా పెట్టండి.
4. తూటా పెట్టి, షార్ట్ స్టార్టర్‌తో (తూటాను మొదట దించే పొట్టి కడ్డీతో) మొదటి రెండు మూడంగుళాలు దించండి.
5. ర్యామ్‌రాడ్‌ను గొట్టం మూతికి జానెడు పైన పట్టుకుని కొంచెం కొంచెంగా నెట్టండి. పై చివర పట్టుకుని బలం పెడితే కర్ర రాడ్ విరిగి అరచేతిలోకి దిగుతుంది.
6. తూటా మందు మీద ఆనాలి. మధ్యలో ఖాళీ మిగిలితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు. ప్రతిసారీ ఒకే ఒత్తిడి పెట్టండి, బిళ్లలైతే నలిగిపోయేలా కొట్టొద్దు.
7. లోడ్ గీత మూతికి సరిగ్గా వచ్చిందా చూడండి. వచ్చాక రాడ్ బయటికి తీయడం మర్చిపోవద్దు.
8. క్యాప్, ప్రైమర్ లేదా ప్యాన్ మందు కాల్చే చోటుకు చేరాకే.

## 9. పేలకపోతే, దిగకపోతే

"టిక్" అని ఊరుకుంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలడం ఉత్త భయం కాదు, నిజంగా జరుగుతుంది. తర్వాత కొత్త క్యాప్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి. గొట్టంలోకి తొంగి చూడొద్దు.

మందు పోయకుండా తూటా దట్టేశారు. అందరికీ ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, మాటల్లో పడినప్పుడు ముఖ్యంగా. క్యాప్ తుపాకీ అయితే నిపుల్ విప్పి, ఫ్లింట్‌లాక్ అయితే పక్క రంధ్రంలోంచి కొద్దిగా మందు లోపలికి పంపి, తూటాను మళ్లీ కిందికి ఆనించి కాల్చేయొచ్చు. గాలి ఒత్తిడితో తూటాను బయటికి నెట్టే చిన్న పరికరం సంచిలో ఉంటే ఇంకా నయం.

తూటా సగంలో ఆగింది. కాల్చొద్దు. ఖాళీ ఉంచి కాలిస్తే ఏమవుతుందో పైన చెప్పాను. కిందికి దిగితే దించండి, లేదా ముందు నుంచి లాగండి. మళ్లీ మళ్లీ జరుగుతుంటే తూటాకు తూటాకు మధ్య తుడవడం లేదన్నమాట. ట్రిపుల్ సెవెన్ రింగు అయితే మజిల్‌లోడర్ కోసమే చేసిన తక్కువ బలం 209 ప్రైమర్లు వాడి చూడండి.

గురి ఒక్కసారిగా చెడింది. డోసు మార్చకముందు స్కోప్ స్క్రూలు, సైట్ స్క్రూలు బిగించి చూడండి. తొంభై శాతం అక్కడే తేలుతుందని అనను గానీ, మొదట చూడాల్సింది మాత్రం అదే.

## 10. వేట రోజు

తెల్లవారుజామున వెచ్చటి ఇంట్లోంచి తుపాకీని చలిలోకి, సాయంత్రం చలిలోంచి వెచ్చటి గదిలోకి మార్చితే లోపల తేమ పడుతుంది, మందు మెత్తబడుతుంది. రాత్రంతా లోడ్‌తో ఉంచాల్సొస్తే క్యాప్ తీసేసి, రూల్ ఒప్పుకునే చోట, తాళం వేసిన చల్లటి చోటే ఉంచండి. పిల్లలున్న ఇంట్లో అసలు లోడ్‌తో ఉంచొద్దు, సాయంత్రం సురక్షితమైన చోట కాల్చి ఖాళీ చేయండి.

వాన ఉంటే గొట్టం మూతికి ఎలక్ట్రికల్ టేప్ ముక్క అతికించండి, దాని మీదుగా కాల్చినా ఏమీ కాదు. ఫ్లింట్‌లాక్ అయితే లాక్ మీద కప్పే తోలు ముక్క తప్పనిసరి, ప్యాన్‌లో మందు మధ్యమధ్య మార్చుతుండాలి.

చెట్టు స్టాండ్ ఎక్కేటప్పుడు క్యాప్ లేని తుపాకీని తాడుతో పైకి లాక్కోండి. భుజాన వేసుకుని ఎక్కొద్దు.

కాల్చాక ముందు పొగ తప్ప ఏమీ కనబడదు. అందుకని ట్రిగ్గర్ నొక్కేముందే జంతువు పక్కన ఉన్న చెట్టో రాయో గుర్తుపెట్టుకోండి. పొగ పోయేలోగా దిగి పరిగెత్తకుండా మళ్లీ లోడ్ చేయండి, అరగంట ఆగండి, అప్పుడు ఆ గుర్తు దగ్గరికెళ్లి నెత్తురు జాడ వెతకండి. సీసపు గుండుతో జాడ మొదట్లో సన్నగా ఉండొచ్చు, "తగల్లేదు" అని తేల్చేసి వెనక్కి రావొద్దు.

జేబులో, సంచిలో ఉండాల్సినవి:

- ముందే కొలిచి పెట్టిన రెండు మూడు డోసులు, ట్యూబుల్లో
- తూటాలు, షార్ట్ స్టార్టర్
- ప్రైమర్లు లేదా క్యాప్‌లు, రెండు వేర్వేరు జేబుల్లో
- తడి, పొడి గుడ్డలు, రాడ్ చివర తగిలించే జాగ్
- నిపుల్ లేదా బ్రీచ్ ప్లగ్ రెంచ్, సన్నటి పిన్ను
- లైసెన్స్, ట్యాగ్, దాన్ని కట్టడానికి దారం

## 11. కడగడం అదే రోజు

నల్లమందు, పైరోడెక్స్ మసి తేమను లాక్కుని ఇనుమును తినేస్తుంది. "ఆదివారం చూద్దాం" అంటే ఆదివారానికి గొట్టంలో ఎర్రటి తుప్పు ఉంటుంది.

బకెట్లో వేడినీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు. ఇన్‌లైన్ అయితే బ్రీచ్ ప్లగ్ విప్పి విడిగా నానబెట్టండి, దాని మధ్య రంధ్రాన్ని పిన్నుతో తీయండి. గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా గొట్టం తోమి, వేడినీళ్లతో ఇంకోసారి కడిగి, పొడి గుడ్డలతో తుడిచి, నూనె పూయండి. బ్రీచ్ ప్లగ్ మరలకు యాంటీ-సీజ్ గ్రీజు రాసి బిగించండి, లేకపోతే వచ్చే ఏడాది అది రెంచ్‌కు లొంగదు. బ్లాక్‌హార్న్ వాడినవాళ్లు నీళ్లు కాదు, తుపాకీ సాల్వెంట్ వాడాలి.

మర్నాడు ఒక పొడి గుడ్డ మళ్లీ లోపల తిప్పండి. గోధుమ రంగు వస్తే ఇంకోసారి కడిగి నూనె పూయాలి. తెల్లగా వస్తే తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేయండి, మందు డబ్బా, ప్రైమర్లు మాత్రం వేరే చోట, పొడిగా ఉన్న అరలో.